జరిగిన పెట్టె, జరగాల్సిన పెట్టెలు: తెర మీద గళ్ల అమరిక చరిత్ర

కంప్యూటర్ తెర మీద ఒక పెట్టెను మౌస్‌తో పట్టుకుని మరోచోటికి లాగి వదలడం, దాని కింది మూల పట్టుకుని పెద్దదిగానో చిన్నదిగానో చేసుకోవడం ఇవాళ బ్యాంకు మేనేజరుకైనా, విద్యుత్ సరఫరా కేంద్రంలోని ఇంజనీరుకైనా, ఫోన్‌లో వాన కబురు చూసుకునే రైతుకైనా కొత్త సంగతి కాదు. గడియారమో, క్యాలిక్యులేటరో, అమ్మకాల గ్రాఫో చూపుతూ తనంతట తాను పనిచేసే ఇలాంటి చిన్న పెట్టెను విడ్జెట్ అనీ, ఆ పెట్టెలు కుదురుగా కూర్చోవడానికి తెరను అడ్డంగా, నిలువుగా విభజించే కనిపించని గళ్లను గ్రిడ్ అనీ, పెట్టెలన్నీ ఒకచోట చేరిన పేజీని డాష్‌బోర్డు అనీ ఈ వృత్తిలోనివారు వ్యవహరిస్తారు. ఈ ఏర్పాటు చరిత్రను సాధారణంగా మౌస్ చరిత్రలో ఒక అధ్యాయంగా చెబుతుంటారు. లాగడం మాత్రం ఇందులో సులువైన సగమే. ఒక పెట్టెను కదిలించినప్పుడో పెంచినప్పుడో దాని పక్కనున్నవి ఎక్కడికి పోవాలన్నది కష్టమైన సగం. గత అర్ధశతాబ్దంలో తెరల రూపకర్తల మధ్య నడిచిన వాదాల్లో చాలా వరకు ఈ రెండో ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టలేదు. సీసపు అక్షరాలతో పత్రికలు అచ్చయిన కాలంలో కంపోజిటర్ పేర్చిన వార్తలను పేజీ కొలతకు తగిన ఇనుప చట్రంలో కాలమ్‌ల వారీగా కూర్చి, సందుల్లో సీసపు పట్టీలు, చెక్క ముక్కలు దూర్చి, కదలకుండా బిగించేవారు. లోహం మీద లోహం ఎక్కదు కనుక, ఆఖరి గంటలో వచ్చిన వార్తకు నాలుగంగుళాల చోటు కావాలంటే ఆ కాలమ్‌లో కిందున్న వార్త దిగాలి, లేదా తెగాలి, లేదా పక్క పేజీకి పోవాలి. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఇదే పని కత్తెరకూ జిగురుకూ మారింది: ఫొటో కాగితం మీద తీసిన వార్తల పట్టీలను లేతనీలం గీతలున్న అట్టల మీద అతికించే పేస్టింగ్ విభాగం, డీటీపీ వచ్చేదాకా, తెలుగు దినపత్రికల్లోనూ ఉండేది. ఆ లేత గీతలు పేజీ రూపకర్తకు కనిపిస్తాయి, కెమెరాకు చిక్కవు, పాఠకుడి కంటపడవు. స్విట్జర్లాండ్ రూపకర్త యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ 1981లో గ్రిడ్ పద్ధతుల మీద ప్రచురించిన ప్రామాణిక గ్రంథం ఈ అదృశ్య గీతల విద్యనే శాస్త్రంగా కూర్చింది.

తెర మీది బొమ్మను చేత్తో పట్టుకోవచ్చని మొదట నిరూపించినవాడు ఐవన్ సదర్లాండ్. 1963లో ఎంఐటీలో డాక్టరేట్ కోసం అతను రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ టీఎక్స్-2 అనే కంప్యూటర్ మీద నడిచేది. లైట్ పెన్ అనే కాంతిని పసిగట్టే కలాన్ని తెరకు ఆనించి గీతను పట్టుకుంటే అది రబ్బరులా సాగేది. అంతకంటే ముఖ్యమైన విశేషం మరొకటి ఉంది: ఈ రెండు గీతలు సమాంతరంగానే ఉండాలి, ఈ రెండు భుజాలు సమానంగానే ఉండాలి అని ముందే నిబంధన పెడితే, ఒక గీతను కదిలించినప్పుడు మిగతావాటిని ఆ నిబంధనకు లోబడి యంత్రమే సర్దేది. పక్కవాటి గతిని యంత్రానికి అప్పగించడమనే ఆలోచన అప్పుడే పుట్టిందన్నమాట. అయిదేళ్ల తర్వాత, 1968 డిసెంబరు 9న, శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం మౌస్‌ను దాదాపు వెయ్యిమంది ఎదుట ప్రదర్శించింది. చేతికి పనిముట్టు దొరికింది కానీ తెరను పెట్టెలుగా పంచుకునే పద్ధతికి ఇంకా కొంత కాలం పట్టింది.

ఆ పద్ధతి 1970లో జిరాక్స్ సంస్థ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో స్థాపించిన పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది. అక్కడ 1973లో తయారైన ఆల్టో కంప్యూటర్ తెర ఉత్తరాలు రాసే కాగితంలా నిలువుగా, 606 పిక్సెళ్ల వెడల్పు, 808 పిక్సెళ్ల ఎత్తుతో ఉండేది. పిక్సెల్ అంటే తెర మీద వెలిగించగల అతిచిన్న చుక్క. ఒక్క కాగితమంత తెర మీద పది పనులు పెట్టుకోవడం ఎలాగన్న చిక్కుకు అక్కడి పరిశోధకుడు అలన్ కే చెప్పిన ఉపాయం, బల్ల మీది కాగితాల మాదిరి పెట్టెలను ఒకదానిమీద ఒకటి పడనివ్వడం. స్మాల్‌టాక్ అనే వ్యవస్థలో ఇది అమలైంది. చుక్కల దిమ్మెలను ఒకచోటు నుంచి మరోచోటికి వేగంగా నకలు చేసే బిట్‌బ్లిట్ అనే ప్రక్రియను 1975లో డాన్ ఇంగల్స్ కనిపెట్టడంతో ఆ కదలిక కంటికి ఆనే వేగాన్ని అందుకుంది. అంటే పక్కవాటి గతి ఏమిటన్న ప్రశ్నకు తొలి సమాధానం: అవి ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, అడుగున పడతాయి.

అదే కేంద్రంలో లారీ టెస్లర్ నడిచిన దారికి అచ్చు పనితో సూటి సంబంధం ఉంది. 1960ల చివర మిడ్‌పెనిన్సులా ఫ్రీ యూనివర్సిటీ కేటలాగు పేజీలను కత్తెరతో కోసి, జిగురుతో అంటించిన అనుభవం అతనికి ఉంది. ఆ పని తెర మీద జరగాలన్న కోరికతోనే అతను, టిమ్ మాట్‌తో కలిసి, బోస్టన్ ప్రాంతంలోని జిన్ అనే పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థ సంపాదకుల కోసం జిప్సీ అనే రచనా పరికరాన్ని 1970ల మధ్యలో తయారుచేశాడు. మౌస్ బటన్ నొక్కి పట్టి అక్షరాల మీదుగా లాగి ఎంచుకోవడం, కత్తిరించి మరోచోట అతికించడం సామాన్య ఉద్యోగి చేతికి వచ్చింది ఈ పరికరంతోనే. పాఠ్యంలో పక్కవాటి సమస్య దానంతటదే తీరిపోతుంది, ఎందుకంటే ఒక వాక్యం తీసేస్తే తర్వాతివి ముందుకు జరుగుతాయి, ఒకటి చొప్పిస్తే వెనక్కి తగ్గుతాయి. అడ్డంగానూ నిలువుగానూ విస్తరించే పెట్టెలకు అలాంటి సహజ క్రమం లేకపోవడమే చిక్కంతటికీ మూలం.

జిరాక్స్ 1981లో మార్కెట్‌లోకి తెచ్చిన స్టార్ కంప్యూటర్ ఈ విషయంలో తన ముందువారితో విభేదించింది. పెట్టెలు ఒకదాన్నొకటి కప్పేస్తే వాటిని సర్దుకోవడంతోనే మనిషికి పొద్దుపోతుందని భావించిన రూపకర్తలు, విండోలు పలకల్లా పక్కపక్కనే పరుచుకునే పద్ధతిని ఎంచుకున్నారు. వస్తువును లాగడమూ అందులో లేదు. ఐకాన్‌ను ఎంచుకుని, కీబోర్డు మీద ‘జరుపు’ అనే ప్రత్యేకమైన మీటను నొక్కి, చేరాల్సిన చోటును మౌస్‌తో చూపిస్తే అది అక్కడికి వెళ్లేది. ఈ పద్ధతిలో చేతికి పట్టుతప్పే ప్రమాదం లేదు, తెర మీద బరువుగా ఏదీ ఈడ్చనక్కర్లేదు. తర్వాతి కాలపు విమర్శకులు దీన్ని లాగడం తెలియని తొలినాటి మొరటుతనంగా చూశారుగానీ, ఆ తీర్పు తొందరపాటుదేనని 2023లో వచ్చిన ఒక ప్రమాణపత్రం చూస్తే తెలుస్తుంది. పలకల నియమాన్ని మాత్రం జిరాక్సే తర్వాతి కూర్పుల్లో సడలించి, విండోలు ఒకదానిమీద ఒకటి పడటానికి ఒప్పుకుంది.

1979 చివర ఆపిల్ సంస్థ బృందం ఆ పరిశోధన కేంద్రాన్ని సందర్శించిన ఉదంతం ప్రసిద్ధమే. అందులో తక్కువగా చెప్పుకునే ముక్క ఆ బృందంలోని బిల్ అట్కిన్సన్‌కు సంబంధించింది. అడుగున పడిన విండోలోని కనిపించే భాగం దానంతటది తాజా అవుతూ ఉండటాన్ని అక్కడ చూశానని అతను అనుకున్నాడు. నిజానికి ఆ వ్యవస్థలో అది లేదు. ఉందన్న నమ్మకంతో, సక్రమంగాలేని ఆకారాలను క్లుప్తంగా దాచుకునే ‘రీజియన్’ అనే నిర్మాణాన్ని అతను కనిపెట్టాడు. 1983 జనవరిలో లీసా, 1984 జనవరి 24న మెకింటాష్ ఈ నిర్మాణం మీదే నిలబడ్డాయి. 512 పిక్సెళ్ల వెడల్పు, 342 పిక్సెళ్ల ఎత్తు ఉన్న మెకింటాష్ తెర మీద విండోను పైపట్టీ పట్టుకుని లాగవచ్చు, కింద కుడిమూలనున్న చిన్న గడి పట్టుకుని పెంచవచ్చు. లాగుతున్నంతసేపూ విండో మాత్రం కదలదు. దాని చుట్టుకొలత చుక్కల గీతగా మౌస్ వెంట వస్తుంది, బటన్ వదిలాకే విండో అక్కడికి దూకుతుంది. 128 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రానికి ప్రతి క్షణమూ విండోను తిరిగి గీయడం తలకు మించిన పని కావడమే ఇందుకు కారణం. నేటి గ్రిడ్ పరికరాల్లో లాగేటప్పుడు కనిపించే నీడపెట్టె, అంటే పెట్టె ఎక్కడ వాలబోతోందో ముందే చూపే గుర్తు, ఆ పేదరికపు రోజుల చుక్కల గీత వారసత్వమే.

మెకింటాష్‌తోపాటు వచ్చిన డెస్క్ యాక్సెసరీలను, అంటే అసలు ప్రోగ్రామ్ నడుస్తుండగానే పైన తెరుచుకునే గడియారం, నోటుపుస్తకం, క్యాలిక్యులేటర్ వంటి చిరుపరికరాలను, నేటి విడ్జెట్లకు పూర్వులుగా చెప్పుకోవాలి. వాటిలో పదిహేను అంకెల పలకలను ఒక ఖాళీ గడిలోకి జరుపుతూ వరుసలో పెట్టే ఆట కూడా ఉంది. గ్రిడ్‌లో కదలాలంటే ఎక్కడో ఒకచోట ఖాళీ ఉండాలన్న సూత్రం అందులో తేటగా కనిపిస్తుంది. క్యాలిక్యులేటర్ కథ మరింత ఆసక్తికరం. ఆపిల్ ఉద్యోగి క్రిస్ ఎస్పినోసా 1982లో గీసి చూపిన నమూనాలను స్టీవ్ జాబ్స్ రోజుకొక వంకతో తిప్పికొడుతూ ఉంటే, విసిగిన ఎస్పినోసా గీతల మందం, బటన్ల కొలత, వెనుక నేపథ్యం వంటివన్నీ మెనూల నుంచి మార్చుకోగల ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ఆయన చేతికే ఇచ్చాడు. పదినిమిషాల్లో జాబ్స్ తనకు నచ్చిన రూపం తేల్చుకున్నాడు. ఆ రూపమే మెకింటాష్‌లో ఏళ్ల తరబడి కొనసాగింది. పెట్టె రూపాన్ని ప్రోగ్రామర్ తేల్చాలా, వాడేవాడు తేల్చాలా అన్న చర్చలో, వాడేవాడి చేతికే మీటలు ఇచ్చిన తొలి సందర్భాల్లో ఇది చెప్పుకోదగింది, ఆ వాడేవాడు సంస్థ సహవ్యవస్థాపకుడే కావచ్చుగాక.

మైక్రోసాఫ్ట్ మొదటి విండోస్ 1985 నవంబరులో వెలువడింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన స్కాట్ మెక్‌గ్రెగర్ జిరాక్స్ కేంద్రం నుంచి వచ్చినవాడు, పలకల పద్ధతి వైపు మొగ్గు ఉన్నవాడు. అందుకే విండోస్ మొదటి కూర్పులో ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి కప్పవు. ఒకదాన్ని వెడల్పు చేస్తే పక్కది అంతమేరకు సన్నబడుతుంది, కొత్తది వస్తే పాతవన్నీ సర్దుకుంటాయి. ముగ్గురు కూర్చునే బస్సు సీటులో నాలుగోవాడు ఇరుక్కున్నట్టుండే ఈ ఏర్పాటు, చిన్న తెరల మీద, వాడకందార్లకు రుచించలేదు. 1987 చివర వచ్చిన రెండో కూర్పులో మైక్రోసాఫ్ట్ పలకలను వదిలి కప్పుకునే విండోలకు మారింది, 1988 మార్చిలో ఆపిల్ దావా వేసింది. ఒకదానిమీద ఒకటి పడే విండోలు ఎవరి సొత్తన్న వాదం ఆ దావాలో ముఖ్యమైన అంశాల్లో ఒకటి. 1994లో అప్పీలు కోర్టు మైక్రోసాఫ్ట్‌కు అనుకూలంగా తీర్పు చెప్పడంతో అది దాదాపు ముగిసింది. పలకలు ఓడాయి, కాగితాలు గెలిచాయి అని ఆనాడు అందరూ అనుకున్నారు. ఆ గెలుపు ఇరవై ఏళ్లకు మించి నిలవలేదు.

ఈలోగా లాగి వదలడం మరో వృత్తిలోకి ప్రవేశించింది: తెరలను వాడేవారి నుంచి తెరలను తయారుచేసేవారికి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ మరీ హూలో తొలి నమూనా రచించిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ నెక్స్ట్ కంప్యూటర్లకు చేరింది; అలన్ కూపర్ దగ్గర మైక్రోసాఫ్ట్ కొన్న ఒక నమూనా 1991లో విజువల్ బేసిక్‌గా రూపాంతరం చెందింది. బటన్లను, రాతపెట్టెలను పక్కనున్న పెట్టెలోంచి లాగి చుక్కలు పరిచిన ఫారం మీద వదిలితే అవి దగ్గరి చుక్కకు అతుక్కుంటాయి; దీన్నే స్నాప్ అంటారు. చుక్కల మధ్య దూరం మామూలుగా 120 ట్విప్‌లు. ట్విప్ అంటే అంగుళంలో 1,440వ వంతు కనుక, చుక్కకూ చుక్కకూ నడుమ అంగుళంలో 12వ వంతు. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల్లో 1990ల చివర, ఆ తర్వాత కొన్నేళ్లు, విజువల్ బేసిక్ నేర్చిన తెలుగు యువకులు ఎందరికో గ్రిడ్ అనే మాటకు తొలి అర్థం ఆ చుక్కల ఫారమే. దానిలో ఒక పెద్ద లోపం ఉండేది. ప్రతి పెట్టెకూ ఎడమ నుంచి ఇంత, పైనుంచి ఇంత అన్న కొలత స్థిరం. 640 పిక్సెళ్ల తెర మీద దిద్దిన ఫారంను 800 పిక్సెళ్ల తెర మీద పెద్దది చేస్తే పెట్టెలన్నీ ఎడమ పైమూలకు అంటుకుని మిగతాది బోసిగా మిగిలేది. ఫారం కొలత మారిన ప్రతిసారీ ఒక్కో పెట్టెను ఎక్కడికి జరపాలో చెప్పే లెక్కలు ప్రోగ్రామర్ చేత్తో రాసుకోవాల్సిందే. చుక్కలు సాలుకు తెస్తాయి తప్ప, ఇరుగుపొరుగుల మధ్య సంబంధం కలపవు.

వెబ్ పేజీలకు ఈ విద్య ఆలస్యంగా అందింది. 1996 నాటి మై యాహూలో వార్తలు, వాతావరణం, షేర్ల ధరలు వంటి పెట్టెలను వాడేవారు తమకు కావలసినట్టు ఎంచుకోవచ్చు, అయితే లాగి కాదు. 2005 ఈ చరిత్రలో కిక్కిరిసిన ఏడాది. పేజీ మొత్తం తిరిగి తెప్పించకుండా కావలసిన ముక్కనే సర్వర్ నుంచి తెచ్చే పద్ధతికి ఏజాక్స్ అన్న పేరు ఫిబ్రవరిలో స్థిరపడింది. ఏప్రిల్‌లో ఆపిల్ తన టైగర్ కూర్పులో డాష్‌బోర్డు అనే విడ్జెట్ల తెరను ఇచ్చింది. మేలో గూగుల్ తర్వాత ఐగూగుల్‌గా పేరు మార్చుకున్న సొంత హోంపేజీ సేవను మొదలుపెట్టింది. పారిస్ నుంచి నెట్‌వైబ్స్ వచ్చింది. రెండేళ్లుగా విడ్జెట్లను ప్రచారంలోకి తెచ్చిన కన్ఫాబ్యులేటర్‌ను జూలైలో యాహూ కొనుక్కుంది. ఐగూగుల్, నెట్‌వైబ్స్ పేజీల్లో నిజమైన గ్రిడ్ ఉండేది కాదు. మూడు నాలుగు నిలువు కాలమ్‌లు, ఒక్కో కాలమ్‌లో పెట్టెల వరుస, అంతే. పెట్టెను లాగితే ఒక కాలమ్ వరుసలోంచి పోయి మరో కాలమ్ వరుసలో చేరేది, కిందివి జరిగేవి. టెస్లర్ వాక్యాలను సర్దిన సూత్రమే ఇక్కడా పనిచేసింది. రెండు దిక్కుల చిక్కును తప్పించుకోవడానికి దాన్ని ఒక దిక్కుకు కుదించారు. రెండు కాలమ్‌ల వెడల్పున్న పెట్టె కావాలన్నవాడికి అక్కడ జవాబు లేకపోయింది.

బ్రౌజర్లలో లాగి వదలడానికి అంతర్గతంగా ఒక ఏర్పాటు ఉంది కానీ, అది ఈ పనికి కొరగాలేదు. మైక్రోసాఫ్ట్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 కోసం చేసిన పద్ధతిని, అప్పటికే వాడకంలో ఉందన్న కారణంతో, ఇయాన్ హిక్సన్ తాను సంపాదకత్వం వహించిన హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో చేర్చాడు. అందులో ఒక వింత: వస్తువును ఫలానా చోట వదలనివ్వాలంటే, ‘వదలనివ్వకు’ అన్న బ్రౌజర్ సహజ స్వభావాన్ని క్షణక్షణమూ రద్దుచేస్తూ పోవాలి. 2009లో వెబ్ నిపుణుడు పీటర్ పాల్ కోక్ ఈ ప్రమాణాన్ని తీవ్రంగా దుయ్యబట్టాడు. పైగా అది ఒక విండో నుంచి మరో విండోకు ఫైలును మోసుకెళ్లడానికి తగ్గ యంత్రాంగమే తప్ప, ఒకే పేజీలో పెట్టెను గడి గడికీ నడిపించడానికి ఉద్దేశించింది కాదు. టచ్ ఫోన్ల మీద చాలాకాలం పనిచేయనూ లేదు. అందుచేత గ్రిడ్ పరికరాలు రాసినవారిలో చాలామంది దాన్ని పక్కనపెట్టి, వేలు లేదా మౌస్ ఎక్కడ ఆనింది, ఎంత జరిగింది, ఎప్పుడు లేచింది అన్న మూడు కబుర్లతోనే సొంతంగా లెక్క కట్టుకున్నారు.

2012లో బార్సిలోనాలోని డక్స్‌బోర్డ్ సంస్థ విడుదల చేసిన గ్రిడ్‌స్టర్, రెండేళ్ల తర్వాత వచ్చిన గ్రిడ్‌స్టాక్, రియాక్ట్ గ్రిడ్ లేఅవుట్ అనే ఉచిత పరికరాలతో ఈ లెక్క ఒక స్థిరమైన రూపానికి వచ్చింది. దాన్ని దగ్గరగా చూడటం అవసరం. ప్రతి పెట్టెకూ నాలుగు అంకెలే గుర్తు: ఎన్నో కాలమ్‌లో మొదలు, ఎన్నో వరుసలో మొదలు, ఎన్ని గళ్ల వెడల్పు, ఎన్ని గళ్ల ఎత్తు. పేజీని మామూలుగా 12 కాలమ్‌లు చేస్తారు, 12ను సగం, మూడోవంతు, నాలుగోవంతు, ఆరోవంతు చేయవచ్చు గనుక. పేజీ వెడల్పు 1,190 పిక్సెళ్లు, గళ్ల మధ్య సందు 10 పిక్సెళ్లు అనుకుంటే, 11 సందులకు 110 పోగా మిగిలిన 1,080ని 12తో భాగిస్తే ఒక్కో కాలమ్‌కు 90 వస్తుంది. నాలుగు గళ్ల వెడల్పున్న పెట్టెకు నాలుగు తొంభైలు, నడుమ మూడు సందులు కలిపి 390 పిక్సెళ్లు. లాగుతున్న పెట్టె ఎడమ అంచు 340వ పిక్సెల్ దగ్గరుంటే, గడినీ సందునూ కలిపిన 100తో భాగించి 3.4ను 3గా సవరించి మూడో గీతకు చేరుస్తారు. 360 దగ్గరుంటే 3.6 అవుతుంది కనుక నాలుగో గీతకు. మూల పట్టుకుని సైజు మార్చినా లెక్క ఇదే, మారేది స్థానానికి బదులు వెడల్పు, ఎత్తు.

ఆ తర్వాత పక్కవాటి వంతు. కదిలిన పెట్టె మరొకదానితో ఢీకొందా అన్నది నాలుగు పోలికలతో తేలుతుంది: ఒకటి రెండోదానికి పూర్తిగా ఎడమనో, కుడినో, పైనో, కిందో ఉంటే ఢీ లేదు, లేకుంటే ఉన్నట్టే. ఢీకొన్నదాన్ని కిందికి నెడతారు, అది మరోదాన్ని ఢీకొంటే దాన్నీ నెడతారు, అలా గొలుసు పూర్తయ్యేదాకా. తర్వాత పెట్టెలన్నిటినీ పైవరుస నుంచి క్రమంగా తీసుకుని, అడ్డు తగిలేదాకా ఒక్కొక్కదాన్ని పైకి తేలుస్తారు. దీన్ని కుదింపు అంటారు. గ్రఫానా అనే ప్రసిద్ధ పర్యవేక్షణ సాధనం 2018 నాటి అయిదో కూర్పులో ఈ పద్ధతికి మారినప్పుడు 24 కాలమ్‌లను, గడికి 30 పిక్సెళ్ల ఎత్తును నిర్ణయించుకుంది. వస్తువులు పైకి పడే ఈ తలకిందుల ఆకర్షణ వింతగా తోచవచ్చు కానీ, పేజీ కింది దిశలో ఎంతైనా సాగుతుంది, పక్కలకు సాగదు అన్న వెబ్ స్వభావంలోంచి అది సహజంగా పుట్టింది. అనుభవం లేనివారు ఇక్కడ ఒక జాగ్రత్తను మరిచిపోతుంటారు. లాగుతున్న పెట్టె పేజీ మీదుగా పోతూ దారిలో పదింటిని నెట్టవచ్చు. లాగడం మొదలైన క్షణంలోని అమరికను దాచిపెట్టుకుని ప్రతి అడుగులోనూ దానినుంచే కొత్త లెక్క వేయకపోతే, పెట్టె తిరిగి మొదటి చోటికి వచ్చినా పక్కవి చెల్లాచెదురుగానే మిగిలిపోతాయి.

2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ బ్రౌజర్లు నెల లోపలే ఒకదాని వెంట ఒకటి సీఎస్ఎస్ గ్రిడ్ అనే ప్రమాణాన్ని స్వీకరించాయి. దాని తొలి ప్రతిపాదన మైక్రోసాఫ్ట్‌దే. అడ్డం, నిలువు రెండు దిక్కులా గళ్లు గీసి, ఏ పెట్టె ఏ గీత నుంచి ఏ గీత దాకా ఉండాలో రెండు పంక్తుల్లో చెప్పే సౌకర్యం వెబ్‌కు మొదటిసారి అప్పుడు దక్కింది. దానితో గ్రిడ్ పరికరాల పని తీరిపోతుందని అనుకున్నవారు లేకపోలేదు. ఆ ప్రమాణం పెట్టెలను కూర్చోబెడుతుంది, ఖాళీలు నింపుతుంది కూడా, కానీ లాగుతున్నవాడి ఉద్దేశం దానికి తెలియదు. రెండు పెట్టెలను ఒకే గడిలో పెడితే అభ్యంతరం చెప్పకుండా ఒకదానిమీద ఒకటి వేస్తుంది. నెట్టడం, తేల్చడం అన్న తీర్పులు ఇప్పటికీ ప్రోగ్రామర్ రాయాల్సినవే.

ఫోన్లలో చోటు తక్కువ కనుక గ్రిడ్ నియమం మరింత కరుకుగా అమలైంది, పలకల పద్ధతి తిరిగివచ్చిందీ అక్కడే. 2009 ఏప్రిల్ నాటి ఆండ్రాయిడ్ 1.5 ఎవరైనా విడ్జెట్ తయారుచేసుకునే వీలు కల్పించింది, 2011లో 3.1 కూర్పు వాటి సైజు మార్చుకోనిచ్చింది. విడ్జెట్‌కు కనీసం ఎంత చోటు కావాలో చెప్పడానికి గూగుల్ ప్రోగ్రామర్లకు ఒక సూత్రం ఇచ్చింది: గళ్ల సంఖ్యను 70తో గుణించి 30 తీసివేయాలి, ఆ లెక్కన ఒక గడికి 40, రెండింటికి 110, మూడింటికి 180 ప్రమాణాలు. ఐఫోన్ ఇందుకు విరుద్ధమైన మార్గం పట్టింది. 2008 జనవరి దాకా ఐకాన్ల చోటు మార్చడమే కుదిరేది కాదు. ఆ తర్వాత కూడా అవి వాక్యంలోని మాటల్లా వరుసగా జరిగేవే తప్ప నడుమ ఖాళీ వదలడానికి ఒప్పుకునేవి కావు. 2020లో మూడు స్థిరమైన సైజుల విడ్జెట్లు వచ్చినా, ఖాళీ గడిని ఖాళీగా ఉంచుకునే హక్కు 2024 నాటి ఐఓఎస్ 18తోగానీ దక్కలేదు. మైక్రోసాఫ్ట్ 2010లో విండోస్ ఫోన్‌తో, 2012 అక్టోబరులో విండోస్ 8తో తెర మొత్తాన్ని సజీవ పలకలతో నింపి, 1985లో ఓడిన ఆలోచనను కొత్త దుస్తుల్లో బయటికి తెచ్చింది. ఫోన్ మీద అది అందంగానే ఉంది. బల్ల మీది పెద్ద తెరకు దాన్ని బలవంతంగా రుద్దడం మాత్రం అవివేకం, జనం తిరస్కారమే అందుకు సాక్ష్యం. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో, 2021 అక్టోబరులో, విండోస్ 11 ఆ పలకలను పూర్తిగా తొలగించి, విండోలను తెర మీది సగాలకు, పావులకు అతికించే అమరికలను ముందుకు తెచ్చింది. పలకలు అలా పేరు మార్చుకుని నిలిచాయి.

సైజు మార్చే విద్యలో తెలుగు వంటి లిపులకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుణింతాలు అక్షరం నెత్తికెక్కుతాయి, వత్తులు అడుగున వేలాడతాయి. ఇంగ్లీషు పంక్తికి సరిపడే ఎత్తు తెలుగు పంక్తికి చాలదు. గూగుల్ మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలు హిందీ, థాయ్ వంటివాటితోపాటు తెలుగును పొడవైన లిపుల వర్గంలో చేర్చి, పంక్తికి అదనపు ఎత్తు ఇవ్వాలని చెబుతాయి. ఇంగ్లీషు శీర్షికకు కొలిచి ఒకే గడి ఎత్తు ఇచ్చిన పెట్టెలో ‘ఉష్ణోగ్రత’ అన్న మాట పడితే ష కింది వత్తు, గ కింది వత్తు కోసుకుపోతాయి. పెట్టె తనలోని సరుకును కొలుచుకుని రెండు గళ్లకు పెరగాలంటే వెంటనే కిందివాటిని నెట్టాలి. అప్పుడు వాడేవాడు ఏమీ లాగకుండానే, కేవలం భాష మార్చినందుకే, అతను సర్దుకున్న పేజీ చెదురుతుంది. అందుకే చాలా డాష్‌బోర్డులు పెట్టెను పెంచడానికి బదులు మాటనే మూడు చుక్కలతో తుంచేస్తాయి. ఇది సాంకేతికమైన గత్యంతరం లేనితనమని రూపకర్తలు చెప్పుకుంటారుగానీ, గడి ఎత్తును మొదటే ఉదారంగా నిర్ణయించి ఉంటే తప్పించగలిగిందే.

2023 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంఘం వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే ప్రమాణపత్రం, వైకల్యం ఉన్నవారికి వెబ్ పేజీలు అందుబాటులో ఉండాలన్న ఉద్దేశంతో, ఈ చరిత్రకు అనుకోని మలుపునిచ్చింది. లాగడంతో జరిగే ప్రతి పనీ, లాగడం ఆ పనికి ప్రాణమైతే తప్ప, లాగకుండా ఒక్కో నొక్కుతోనూ జరిగేలా ఉండాలని అందులోని 2.5.7వ నిబంధన కోరుతుంది. తర్వాతి నిబంధన నొక్కాల్సిన గుర్తు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలని, లేదా చుట్టూ అందుకు తగిన ఎడం ఉండాలని చెబుతుంది. సైజు మార్చే మూలగుర్తులు చాలా గ్రిడ్ పరికరాల్లో ఇంతకంటే చిన్నవే. చేయి వణికేవారు బటన్ నొక్కి పట్టి పెట్టెను ఈడ్చలేరు కనుక, పెట్టెను ఎంచుకో, ‘జరుపు’ అను, చేరాల్సిన గడి చూపు అన్న వరుసను ఇప్పటి పరికరాల్లో కొత్తగా చేర్చుతున్నారు. 1981లో స్టార్ కీబోర్డు మీద ఉన్నది సరిగ్గా ఇదే. చూపులేనివారి విషయం ఇంకా క్లిష్టమైనది. తెరను చదివి వినిపించే సాధనం, పెట్టె మూడో కాలమ్‌కు చేరిందని చెప్పగలదు. ఆ జరపడంలో నెట్టబడిన ఏడు పెట్టెలు ఎటుపోయాయో అన్నీ చదివితే వినేవాడికి విసుగు, చదవకపోతే వాటి ఆచూకీ తెలియదు. కొన్ని సాధనాలు మొత్తం సంఖ్య చెప్పి ఊరుకుంటాయి, కొన్ని పక్కనున్న రెండింటి పేర్లే చెబుతాయి, ఎక్కువ భాగం అసలేమీ చెప్పవు. ఏది సరైనదన్న విషయంలో రూపకర్తల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.